చలాన్ వెనుక దారి

చలాన్ అంటే ఉర్దూలో అసలు అర్థం పంపడం. తప్పు చేసినవాణ్ణి కాగితాలతో సహా మెజిస్ట్రేటు ముందుకు పంపడమే చలాన్. నైజాం కాలంలో ఉర్దూ కచేరీ భాష కావడంతో నల్లగొండ, పాలమూరు జనానికి ఇలాంటి మాటలు ఇంటి మాటలయ్యాయి. ఇప్పుడు మనిషి ఎక్కడికీ పోడు. కెమెరా తీసిన ఫొటోతో జరిమానాయే ఫోనుకు వస్తుంది.

ఈ రెండు జిల్లాలకు రోడ్డే బతుకు, రోడ్డే గండం. విజయవాడ రహదారి నల్లగొండ మీదుగా, బెంగళూరు రహదారి పాలమూరు మీదుగా సాగుతాయి. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున కొత్తకోట దగ్గరి పాలెం వద్ద, బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ప్రైవేటు బస్సు కల్వర్టును ఢీకొంది. మంటలు లేచాయి. 45 మంది కాలిపోయారు. చలాన్ చూసి విసుక్కునేవాళ్లు ఆ కల్వర్టు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి.

తప్పుకు చలానే కాదు, లైసెన్సు కూడా పోవచ్చు. లైసెన్సు రద్దు చేసే అధికారం 1939 మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. 2015లో సుప్రీంకోర్టు రోడ్డు భద్రతా కమిటీ అతివేగానికి, తాగి నడపడానికి కనీసం 3 నెలలు సస్పెండ్ చేయాలని రాష్ట్రాలకు చెప్పింది. 2017 ఆగస్టులో తెలంగాణ తప్పులకు పాయింట్లు వేసే పద్ధతి తెచ్చింది: 24 నెలల్లో 12 పాయింట్లు చేరితే ఏడాది సస్పెన్షన్ అని నియమం పెట్టింది.

మరోపక్క 2022 మార్చిలో ద్విచక్ర వాహనాల చలాన్ బకాయిలపై 75 శాతం రాయితీ ఇచ్చారు. వేళకు కట్టినవాళ్లకు అది అన్యాయమే.

సస్పెన్షన్ ఉత్తర్వు అందితే దిగులుపడి ఊరుకోకండి. 1988 చట్టం 19వ సెక్షన్ ప్రకారం 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.