నూరేళ్ళు నిండడం

ఇరవై రెండేళ్ళ కుర్రాడు బైకు మీద వెళ్ళి తిరిగి రాడు. చూడవచ్చిన పెద్దవాళ్ళలో ఎవరో ఒకరు అంటారు: "ఏం చేస్తాం, వాడికి నూరేళ్ళూ నిండాయి." ఇరవై రెండెక్కడ, నూరెక్కడ అని ఎవరూ నిలదీయరు. మొన్న పండక్కి వాడు కాళ్ళకు దండం పెడితే "నిండు నూరేళ్ళు బతుకు నాయనా" అన్నవీ ఆ నోళ్ళే. దీవెనలోని రెండు మాటలే చావుకబురులోకీ నడిచొచ్చాయి. 'నిండు' కాస్తా 'నిండాయి' అయింది, అంతే.

నూరు మన సొంత మాట. పాత రాతలో బండి ఱతో నూఱు. ఏళ్ళు అంటే 'ఏఁడు'కు బహువచనం. అరసున్నగా చిక్కిపోయిన ఆ సున్నను తెలంగాణ నోరు 'ఏండ్లు' అని ఇప్పటికీ గట్టిగానే పలుకుతుంది. పురోహితుడి 'శతాయుష్షు' అర్థం కూడా ఇదే. కానీ ఎవరైనా పోయినప్పుడు "శతాయుష్షు నిండింది" అనం. సంస్కృతం దీవెన దగ్గరే ఆగింది. ఊరేగింపుకీ పాడెకీ కూడా వెళ్ళాల్సిన పని తెలుగు మాటకే పడింది.

అసలు చిక్కు 'నిండు'లో ఉంది. డబ్బాలో బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అంటాం. దీపం ఆరితే కొండెక్కింది, మంగళసూత్రం తెగితే పెరిగింది. లేమిని పేరు పెట్టి పిలవని భాష మనది. నూరేళ్ళు నిండడం కూడా ఈ ముసుగుల కోవలోదేనా? కాదనుకుంటాను. బియ్యానికి వాడే 'కొను' ఇక్కడ లేదు. నూరేళ్ళు నిండుకున్నాయి అనం, నిండాయి అంటాం, నెలలు నిండాయి అన్నట్టే. అంటే ఇది ఖాళీని కప్పడం కాదు. వాడి కొలపాత్ర అంతే, అది నిండింది అని గట్టిగా చెప్పడం. కవి అలిశెట్టి ప్రభాకర్ పుట్టింది 1954 జనవరి 12న, పోయింది 1993 జనవరి 12న. సరిగ్గా ముప్ఫై తొమ్మిదేళ్ళు నిండాయి. జనం లెక్కలో అవీ నూరే.

ఈ ఓదార్పు వచ్చినవాళ్ళది. ఇంట్లోవాళ్ళ మాట వేరు: "అర్ధాంతరంగా పోయాడు." కొలత నిండిందని ఒకరు, సగంలో తెగిందని ఒకరు. తల్లి దగ్గర మొదటి మాట అనకపోవడమే మంచిదని నా అభిప్రాయం. అది వేదాంతంగా సరైనదే కావచ్చు, కానీ ఇంకా బాకీ ఉన్న వాడి చదువూ ఉద్యోగమూ పెళ్ళీ అన్నీ ఒక్క క్రియతో చెల్లు రాసేస్తుంది.

మరి నాయనమ్మ? వాడు ఊరెళ్ళినప్పుడల్లా "నా ఆయుష్షు కూడా పోసుకుని బతకరా" అని తల నిమిరేది. ఆయుష్షు ఒకరి పాత్రలోంచి ఇంకొకరి పాత్రలోకి వంపగలిగేదని నమ్మిన మాట అది. ఎనభై దాటిన ఆమె పాత్ర ఆమె దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడా మాట మనవరాలితో అనాలంటే నోరు రాదు. "నాకింకా భూమ్మీద నూకలున్నాయి" అని మాత్రం అంటుంది, తప్పు ఒప్పుకున్నట్టు.

నూరేళ్ళకు మూడో వాడుక ఒకటుంది. ఎవరి గురించో మాట్లాడుకుంటుండగా వాళ్ళే గుమ్మంలో కనపడితే "నీకు నూరేళ్ళు" అంటాం. సగం వేళాకోళం. ఇక్కడ వయసుతో పని లేదు, కాళ్ళకు దండం పెట్టనక్కర్లేదు, తలుచుకున్నప్పుడు వచ్చి నిలబడితే చాలు. పిల్లవాణ్ణి పోగొట్టుకున్న ఇంట్లో ఆ వేళాకోళం పోతుంది. దాంతో పాటు మన తల్లులకు ఊతపదమైన "ఎక్కడ చచ్చావే ఇంతసేపు" కూడా పోతుంది. కాలేజీ నుంచి ఆలస్యంగా వచ్చిన కూతుర్ని చూసి, అప్పటిదాకా పక్కింటి నీళ్ళ మోటారు గురించి మాట్లాడుతున్నవాళ్ళు కూడా "నీకు నూరేళ్ళే, ఇప్పుడే అనుకుంటున్నాం" అనేస్తారు.