అసెంబ్లీ లైన్: నడుము ఎత్తుకు లేపారు.. స్పీడ్ పెరిగింది! ఫ్యాక్టరీ పనిలో ఎర్గోనామిక్స్ ఎందుకంత ముఖ్యం?

చేతిలో మొబైల్, ఇంట్లో ఫ్రిజ్, రోడ్డు మీద కారు.. ఇవన్నీ అసెంబ్లీ లైన్ మీద తయారయ్యేవే. పెనుకొండ దగ్గరి కియా ప్లాంట్‌లోనూ ఇదే పద్ధతి. లైన్ దగ్గర నిలబడ్డ మనిషి ఒకే పనిని షిఫ్టులో వందల సార్లు చేస్తారు. పని ఎత్తు, దూరం సరిగ్గా లేకపోతే ముందు నడుము, భుజం, మణికట్టు దెబ్బతింటాయి. ఆ తర్వాత ప్రొడక్షన్ దెబ్బతింటుంది. మనిషికి తగ్గట్టు పనిని మార్చడాన్నే ఎర్గోనామిక్స్ అంటారు.

ఫోర్డ్ ఫ్యాక్టరీలో ఏం జరిగింది?

అమెరికాలోని హైలాండ్ పార్క్ ప్లాంట్‌లో ఫోర్డ్ కంపెనీ 1913లో కదిలే లైన్ మీద కార్ల చాసిస్ బిగించడం మొదలుపెట్టింది. అంతకుముందు ఒక్కో చాసిస్‌కు 12 గంటల 28 నిమిషాలు పట్టేది. 1914 మొదట్లో లైన్‌ను పైకి లేపారు. కార్మికుల ఎత్తును బట్టి ఒకటి 26.75 అంగుళాలు, మరొకటి 24.5 అంగుళాల ఎత్తులో పెట్టారు. వంగే బాధ తగ్గింది. పనిని ఇంకా చిన్న ముక్కలుగా పంచారు. దీంతో టైమ్ గంటా 33 నిమిషాలకు పడిపోయింది.

కానీ ఒకే పనిని అదే స్పీడ్‌తో చేయలేక జనం మానేశారు. 1913లో అక్కడ ఉద్యోగుల టర్నోవర్ 370 శాతం. 1914 జనవరిలో రోజు జీతాన్ని 5 డాలర్లకు పెంచి, పని గంటలను 9 నుంచి 8కి తగ్గించాకే మానేసేవాళ్లు తగ్గారు.

ముందు ఈ లెక్క చూడాలి

బ్రేక్‌లు పోను షిఫ్టులో 450 నిమిషాలున్నాయి, 450 పీసులు కావాలి అనుకుందాం. అప్పుడు ఒక్కో స్టేషన్‌కు 60 సెకన్లు. దీన్నే టాక్ట్ టైమ్ అంటారు. ఒకరి పనికి 75 సెకన్లు, పక్కవారికి 40 సెకన్లు పడితే? లైన్ మొత్తం 75 సెకన్లకే ఆగి ఆగి నడుస్తుంది. మొదటివారిని తొందరపెడితే ఒంటినొప్పులు, తప్పులు తప్ప ఫలితం ఉండదు. 15 సెకన్ల పనిని పక్క స్టేషన్‌కు మారిస్తే సరిపోతుంది. ఇదే లైన్ బ్యాలెన్సింగ్.

స్టేషన్ దగ్గర ఏం మార్చాలి?

• బల్ల ఎత్తు: సూక్ష్మమైన పనికి మోచేతి కంటే కాస్త పైన, తేలికపాటి పనికి కాస్త కింద, బలం పెట్టే పనికి ఇంకా కింద ఉండాలి.

• పార్టులు: తరచూ వాడేవి ముంజేతికి అందేంత దగ్గర్లో పెట్టాలి.

• టూల్స్: పవర్ స్క్రూడ్రైవర్‌ను పైనుంచి బ్యాలెన్సర్‌కు వేలాడదీస్తే బరువు చేతి మీద పడదు.

• బరువులు: అమెరికా సంస్థ నియోష్ లెక్కలో అన్నీ అనుకూలంగా ఉంటేనే 23 కిలోలు. వంగినా, పక్కకు తిరిగినా, పదేపదే ఎత్తినా ఆ పరిమితి తగ్గుతుంది.

• రొటేషన్: మారే పని వేరే కండరాలతో చేసేదై ఉండాలి. స్క్రూలు బిగించే చోటు నుంచి స్క్రూలు బిగించే చోటుకే పంపితే లాభం లేదు.

కూర్చునే వీలు కూడా హక్కే

నిలబడి పనిచేసేవాళ్లకు వీలు దొరికినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే 44వ సెక్షన్‌లో చెప్పింది.

మిగిలిన సెకన్లు ఎవరికి?

అసలు ప్రశ్న ఇదే. మార్పులతో మిగిలిన ప్రతి సెకనునూ టార్గెట్ పెంచడానికే వాడితే నొప్పి మళ్లీ మొదటికొస్తుంది. అందుకే పీసుల లెక్కతో పాటు తప్పులు, సెలవులు, నొప్పుల ఫిర్యాదులు కూడా చూడాలి. ఎక్కడ ఇబ్బందో ముందుగా తెలిసేది లైన్ మీద ఉన్నవాళ్లకే. మార్చే ముందు వాళ్లను అడగడమే మొదటి మెట్టు.