మన పులుసుకుండలోని పరదేశులు



ప్రొద్దుటూరులోగాని, జమ్మలమడుగులోగాని, పులివెందులలోగాని, పండుగకు ఇల్లు చేరిన మనుమరాలు వంటయింట జొచ్చి క్రొత్తవంట యొకటి చేయుట నేడు పెద్దలకు అనుభవములోనిదే. గోధుమరవ్వతో చేసిన గొట్టములనో, దారములనో ఆమె ఉడికించును, రొయ్యలు వేయించును, మీగడయు, ఎండుమిరప కారమును కలిపి అన్నిటిని ఒక్క పెనములో చేర్చి వడ్డించును. దాని పేరు పాస్తా. ఇటలీ దేశపు వంట. తాత యొక ముద్ద రుచిచూచి, "బాగున్నదిగాని అమ్మా, ఇది మన తిండి కాదు" అనును.

ఈ మాటలో విచారింపదగిన ప్రశ్నలు రెండున్నవి. మన తిండి యేది? అది ఎప్పటినుండి మనదైనది?

రాగిసంకటియు చేపలపులుసును మన తిండియని తాత చెప్పును. మంచిది. ఆ పులుసుకుండ మూతనే తీసి చూతము. మొదట కంటబడునది ఎర్రని కారము. మిరపకాయ లేని కడపజిల్లా వంటను ఊహింపనేలేము. కాని మిరప పుట్టినది అమెరికా ఖండమున. కొలంబసు 1492లో సముద్రము దాటి ఆ దిక్కున కాలు మోపువరకు తక్కిన ప్రపంచము దాని నెరుగదు. వాస్కోడిగామా 1498లో కోళిక్కోడునకు వచ్చెను. పోర్చుగీసువారు 1510లో గోవాను పట్టుకొనిరి. వారి ఓడలే ఈ మొక్కను మన తీరమునకు చేర్చినవి. అంతకు ముందు మన వంటలకు కారమిచ్చినవి మిరియములు, పిప్పళ్లు, అల్లము, ఆవాలు. శ్రీనాథ మహాకవి జొన్నకూటిని గూర్చి చెప్పెనని ప్రసిద్ధి కెక్కిన చాటువులున్నవి. ఆయన కాలమున ఆ జొన్నకూటికి మిరపకారము తోడుగా లేదు.

క్రొత్త కాయకు మనవారు పెట్టిన పేరు చూడుడు. మిరియమును పోలి మిరప యనిరి. కన్నడిగులు మెణసునుండి మెణసినకాయి యనిరి. అరవలు మిళగునుండి మిళగాయ్ అనిరి. ముగ్గురును ఒక్కతీరుగానే, పరదేశపు అతిథికి పాతబంధువు పేరు పెట్టి యింట చేర్చుకొనిరి. పేరు కుదిరిన తరువాత అతిథి ఇంటివాడయ్యెను. కొన్ని తరములకు యజమానియే అయ్యెను.

మిరప లేకుండ చేప యెట్లు వండిరని మీరడుగవచ్చును. 1509 మొదలు 1529 వరకు ఏలిన శ్రీకృష్ణదేవరాయలే దానికి సాక్షి. ఆముక్తమాల్యదలో ఒక పద్యమున చేపముక్కలను మామిడికాయతో వండి నూనెతాలింపు పెట్టుటను ఆయన ప్రస్తావించెను. అందు పులుపు కలదు, నూనె కలదు, తాలింపు కలదు, మిరప లేదు. మన చేపలపులుసు యొక్క ఎముక పాతది. దాని రంగు క్రొత్తది.

రాయల యేలుబడిలోనిదే మన గండికోటయు. పెమ్మసాని నాయకులు కాపాడిన ఆ దుర్గమును 1650లో మీర్‌జుమ్లా పట్టుకొనెను. 1652లో తవెర్నియే యను ఫ్రెంచి వర్తకుడు రత్నముల బేరమునకై అచ్చటికి వచ్చెను. ఒక ఫ్రెంచివాడు ఆ కోటలో ఫిరంగులు పోతపోయుట చూచి వ్రాసిపెట్టెను. పెన్న గండిమీది ఏకాంతపు కొండకు సైతము పరదేశము నడచి వచ్చిన కాలమది. ఆ శతాబ్దములలో పడమటినుండి వచ్చిన ఫిరంగులు తుప్పుపట్టినవి. మిరపగింజ మాత్రము మొలచి నిలిచినది.

ఇక పులుసునకు చిక్కదనము. మన సీమలో వేయించిన శనక్కాయలు, నువ్వులు, ఎండుకొబ్బరి నూరి పోయుట కలదు. సంకటితో నంజుకొను ఊరిబిండియు శనక్కాయలదే. పులివెందుల మెట్టచేలలో తరతరములుగా పండినట్లు తోచు ఈ శనక్కాయ దక్షిణ అమెరికాది. అది మన సీమలో పెద్దపంటయై వ్యాపించినది పందొమ్మిదవ శతాబ్దము చివరనుండియే. మిరపకంటెను చిన్న చుట్టమన్నమాట.

చేపల మాట. పెన్న నందికొండలలో పుట్టి, గండికోట చీలికగుండ వచ్చి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల నొరసికొని, నెల్లూరు సీమలో సముద్రమున కలియును. నీరు దిగువకు పోవును. చేప మాత్రము ఎదురు నడచి మనయొద్దకు వచ్చినది. మద్రాసు రాయచూరు రైలుమార్గము 1871 నాటికి పూర్తియైన తరువాత యెర్రగుంట్ల, ముద్దనూరు స్టేషనులు మనకు తీరప్రాంతపు వాకిళ్లైనవి. సంతలో అమ్ము ఎండుచేపలు, ఎండురొయ్యలు మెట్టసీమవారి సముద్రము. నేడు మంచుగడ్డలలో పచ్చిరొయ్యయే వచ్చుచున్నది. ఆ రొయ్యలలో పెక్కు వెనామీ జాతివి. అవి పసిఫిక్ సముద్రపు అమెరికా తీరమునకు చెందినవై, 2009లో మన దేశమున పెంపకమునకు అనుమతి పొందినవి. రొయ్యయు పరదేశియే!

ఇటలీవారి సంగతియు ఇట్టిదే. 1154లో అల్ ఇద్రీసీ యను అరబ్బు భూగోళ పండితుడు, సిసిలీ ద్వీపమున పలెర్మో నగరమునకు చేరువగా నున్న త్రాబియాలో గోధుమదారములు విస్తారముగా చేసి ఓడలమీద పంపుచుండిరని వ్రాసెను. వారి దారములు పాతవి. కాని నేడు వాటిపై పోయు టమాటా రసమును, దక్షిణ ఇటలీవారు వేయు మిరపకారమును అమెరికానుండియే వచ్చినవి. రెండు దూరదేశములు ఒక్క చుట్టమునే ఇంట పెట్టుకొనినవి. మనకును గోధుమదారము కొత్తది కాదు. రంజానునాడు ముస్లిము సోదరుల యిండ్ల షీర్‌ఖుర్మాలోను, మన సేమ్యా పాయసములోను, ఉప్మాలోను దానిని ఎరుగుదుము. అది రొయ్యతో కలియుటయే క్రొత్త.

ఇచట పెద్దలు ఒక న్యాయమైన ఆక్షేపణ చేయుదురు: పాలును చేపయు కలుపరాదు గదా యని. చరకసంహితలో ఇది విరుద్ధాహారములలో చెప్పబడినది. ఇటలీలోను చేపల పాస్తాపై జున్ను తురుము చల్లుట పద్ధతి కాదని వాదించువారు పెక్కుమంది. పాటించువారు మీగడ మానవచ్చును. రుచికి లోటు లేదు. మన శనక్కాయ ముద్దయు, కొబ్బరిపాలును ఆ పని చేయును.

చేయు విధము చెప్పెదను. నలుగురికి 400 గ్రాముల పాస్తా, 400 గ్రాముల ఒలిచిన రొయ్యలు చాలును. రొయ్యల వీపుమీది నల్లని నరము తీసి, కడిగి, పసుపు, ఉప్పు పట్టింపవలెను. 4 లీటర్ల నీరు మరగనిచ్చి, 3 చెంచాల ఉప్పు వేసి, పాస్తాను పంటికింద కొంచెము బిగువుగా నుండునట్లు ఉడికించి వార్చవలెను. వార్చిన గంజి ఒక గ్లాసుడు దాచుకొనుడు. పెనములో శనగనూనె కాచి, చితికిన వెల్లుల్లియు, తరిగిన ఉల్లియు వేయించి, రొయ్యలు వేసి మూడు నాలుగు నిమిషములలో తీసివేయవలెను. మించిన రబ్బరువలె సాగును. ఆ నూనెలోనే కారము, మిరియపు పొడి వేసి, గుప్పెడు వేయించిన శనక్కాయల మెత్తని ముద్దయు, గ్లాసుడు కొబ్బరిపాలును పోసి సన్నని సెగమీద మరిగింపుడు. అపుడు పాస్తాను, రొయ్యలను చేర్చి, గంజి కొద్దికొద్దిగా పోసి త్రిప్పవలెను. గంజిలోని పిండియే నూనెను నీటిని విడిపోనీయక పట్టియుంచును. దింపి నిమ్మరసము పిండుడు.

ఇంతవరకు వచ్చిన అతిథుల కథ. పోయిన ఇంటివారి కథయు చెప్పకున్న ఈ చరిత్ర సగమే యగును. జొన్న, కొర్ర, సజ్జ, ఆరిక — ఇవి మిరపకు ముందే మన మెట్టనేలను నమ్ముకొనియున్న ధాన్యములు. 1876 మొదలు 1878 వరకు మన సీమను దహించిన మహాక్షామము వానలు తప్పిన నేలపై బ్రతుకెంత కష్టమో చూపినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినప్పుడు ఆకలిగొన్న యిల్లు అన్నము కళ్లజూచినది, అది మేలే. కాని బియ్యము చౌకయై, చేలు అమ్ముడుపోవు పంటలవైపు మరలిన కొలది, కొర్ర మన కంచమునుండి తొలగినది. ఏ పాస్తాయు దానిని తరుమలేదు. ముంగిట అడుగిడిన అతిథిని చూచి మనము గొణుగుచుండగా, పెరటిత్రోవను ఇంటివాడు వెడలిపోయెను.

పెన్నయు అట్లే. సంవత్సరములో పెక్కు దినములు ఇసుకయే కనబడు ఏటిలో చేపకు చోటేది? మైలవరము, గండికోట జలాశయములలోను, పార్నపల్లె చెంత చిత్రావతి జలాశయములోను నిలిచిన నీరే నేడు చేపలకు దిక్కు.

కావున పెద్దలకు నా మనవి యొక్కటే. మనుమరాలి కంచమును త్రోయకుడు. పరదేశపు దినుసును మన నాలుకకు లొంగదీసికొనుట మన అవ్వలు మిరపతో చేసిన పనియే. ఆమె అదే చేయుచున్నది. ఆమె వడ్డించినది తినుడు. తిని, కొర్రబియ్యమునకు ఎసరెంత పెట్టవలెనో, సంకటి ఎట్లు గెలకవలెనో, ఏ వానకు ఏ గింజ చల్లుదురో ఆమెను కూర్చుండబెట్టి చెప్పుడు. ఇది మీ తరముతో పోయెనేని, తిరిగి తెచ్చుటకు ఏ ఓడయు రాదు.