స్థానిక ప్రభుత్వాల న్యాయవాది: అధికారం, ఆస్తి, నోటీసు – ఒక చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

గ్రామ పంచాయతీ కేసు చేపట్టే న్యాయవాది వద్దకు సాధారణంగా సర్పంచ్ వస్తారు, లేదా పంచాయతీ కార్యదర్శి వస్తారు. చట్టం దృష్టిలో మాత్రం వారిద్దరిలో ఎవరూ కక్షిదారు కారు. గ్రామ పంచాయతీ అనే సంస్థే కక్షిదారు. సర్పంచ్ మారినా, కార్యదర్శి బదిలీ అయినా దావా ఆ సంస్థ పేరుతోనే సాగుతుంది. ఈ భేదం ఎలా ఏర్పడిందో తెలియాలంటే స్థానిక ప్రభుత్వాల చరిత్రను కొంత పరిశీలించాలి. ఈ పాఠంలో మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల నేపథ్యాన్నీ, పశ్చిమ గోదావరి జిల్లా నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక వివాదాన్నీ ఆధారంగా తీసుకుంటాం.

2. చట్టం సృష్టించిన సంస్థ

మన గ్రామాల్లో పెద్దల పంచాయితీ పూర్వం నుంచీ ఉంది. తగవులు తీర్చడం, చెరువు నీటిని పంచడం వంటి పనులకు ఊరి కట్టుబాటే దానికి బలం. నేటి గ్రామ పంచాయతీ పేరు అదే అయినా పుట్టుక వేరు. 1871 నాటి మద్రాసు లోకల్ ఫండ్స్ చట్టం రోడ్లు, పాఠశాలలు వంటి స్థానిక అవసరాల కోసం పన్నులు వసూలు చేసే ఏర్పాటు చేసింది. 1882లో రిపన్ ప్రభువు తీర్మానం వెలువడిన తర్వాత, 1884లో మద్రాసు లోకల్ బోర్డుల చట్టం, జిల్లా మునిసిపాలిటీల చట్టం వచ్చాయి. 1920, 1950, 1964 చట్టాలు ఆ వరుసలోనివే. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చాక, ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 1994 రూపొందింది.

ఈ చట్టాల ప్రకారం స్థానిక సంస్థ ఒక శాసనబద్ధ వ్యక్తి. దానికి శాశ్వత వారసత్వం, అధికార ముద్ర ఉంటాయి. అది దావా వేయవచ్చు, దానిపై దావా వేయవచ్చు. అయితే చట్టం ఇచ్చిన అధికారాలు తప్ప దానికి వేరే అధికారాలు లేవు. మామూలు మనిషి చట్టం నిషేధించని ఏ పనైనా చేయవచ్చు. పంచాయతీ మాత్రం చట్టం అనుమతించిన పనే చేయాలి. కాబట్టి "ఈ పనికి అధికారం ఏ సెక్షన్‌లో ఉంది?" అన్నదే న్యాయవాది వేసుకోవలసిన మొదటి ప్రశ్న.

ఊరు అదే అయినా చట్టం మారిపోవచ్చు. గ్రామ పంచాయతీగా ఉన్న బి.కొత్తకోట ఇటీవలి కాలంలో నగర పంచాయతీ అయింది. దానితో అక్కడి పాలన పంచాయతీరాజ్ చట్టం నుంచి 1965 నాటి మునిసిపాలిటీల చట్టం పరిధిలోకి వచ్చింది. పాత తీర్మానాన్నో, పాత లైసెన్సునో పరిశీలించే న్యాయవాది అది ఏ తేదీదో, ఆనాడు ఏ చట్టం వర్తించేదో ముందుగా చూడాలి.

3. ఊరి ఉమ్మడి ఆస్తి

స్థానిక సంస్థల కేసుల్లో ఎక్కువగా వివాదానికి వచ్చేది ఉమ్మడి భూమి. పక్కపక్క తాలూకాల్లో కూడా దీని చరిత్ర ఒకేలా ఉండదు. మదనపల్లె 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు కడప జిల్లాలో ఉండేది. ఆ జిల్లాలో ప్రధానంగా ఉన్నది రైత్వారీ పద్ధతి. పుంగనూరు జమీందారీ ప్రాంతం. కుప్పం కంగుంది జమీందారీకి చెందినది. జమీందారీ గ్రామాల్లోని ఉమ్మడి భూములు, పోరంబోకులు, చెరువులు 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం 3వ సెక్షన్ ద్వారా ప్రభుత్వానికి సంక్రమించాయి. ప్రభుత్వ అధీనంలో ఉండి, దానికి ప్రత్యేకంగా అవసరం లేని పశువుల మేత బీళ్లు, కళ్లాలు, శ్మశానాలు, బండ్ల స్టాండ్లు, తోపులు వంటి పోరంబోకులు 1994 చట్టం 58వ సెక్షన్ కింద గ్రామ పంచాయతీకి దఖలు పడతాయి.

అందువల్ల శ్మశానాన్ని ఎవరైనా ఆక్రమించినప్పుడు "ఇది తాతల నాటి నుంచి ఊరిదే" అన్న వాదన ఒక్కటే సరిపోదు. ఎస్టేటు రికార్డు నుంచి నేటి రెవెన్యూ రికార్డు దాకా హక్కు ఎలా సంక్రమించిందో చూపాలి. పంజాబ్‌లోని ఒక గ్రామ చెరువు ఆక్రమణపై వచ్చిన జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2011లో ఆక్రమణదారులను తొలగించాలని తీర్పు చెప్పింది. గ్రామాల ఉమ్మడి భూముల్లోని ఆక్రమణల తొలగింపునకు పథకాలు రూపొందించాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. పంచాయతీ న్యాయవాదికి ఈ తీర్పు బలమైన ఆధారం.

4. ధర్మాజీగూడెం వివాదం

అధికారం, ఆస్తి తర్వాత మూడవ అంశం నోటీసు. దీని విలువను గద్దె వెంకటేశ్వరరావు వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసు స్పష్టంగా చూపుతుంది. 1959 చట్టం కింద ఏర్పడిన ఒక పంచాయతీ సమితి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని ధర్మాజీగూడెంలో నెలకొల్పాలని నిర్ణయించింది. గ్రామస్థులు 10,000 రూపాయలు, రెండు ఎకరాల భూమి ఇవ్వాలన్నది షరతు. గ్రామ సంఘం చందాలు పోగుచేసి డబ్బు జమ చేసింది. తర్వాత సమితి మనసు మార్చుకుని, కేంద్రాన్ని లింగపాలెంలో పెట్టాలని తీర్మానించింది. 1962లో ప్రభుత్వం జోక్యం చేసుకుని ధర్మాజీగూడేనికి అనుకూలంగా ఉత్తర్వు ఇచ్చింది. 1963లో దానినే పునఃసమీక్షించి లింగపాలేనికి అనుకూలంగా మరో ఉత్తర్వు ఇచ్చింది.

1965లో సుప్రీంకోర్టు తరఫున తీర్పు రాసినవారు మన ప్రాంతం నుంచి వెళ్లిన జస్టిస్ కోకా సుబ్బారావు. రెండు ఉత్తర్వులూ చట్టబద్ధం కావని ఆయన తేల్చారు. మొదటిది సమితికి నోటీసు ఇవ్వకుండా చేసినది. రెండవదానికి పునఃసమీక్షాధికారమే లేదు. పైగా ధర్మాజీగూడెం ప్రతినిధులకు నోటీసు ఇవ్వలేదు. చందాలు పోగుచేసిన సంఘాధ్యక్షుడికి రిట్ వేసే అర్హత ఉందని కూడా కోర్టు అంగీకరించింది.

అయినా ఆయనకు ఊరట దక్కలేదు. రెండవ ఉత్తర్వును కొట్టివేస్తే మొదటి ఉత్తర్వు తిరిగి ప్రాణం పోసుకుంటుంది. అదీ చట్టవిరుద్ధమే కనుక హైకోర్టు జోక్యం చేసుకోకపోవడం సరైనదేనని సుప్రీంకోర్టు భావించింది. రిట్ అధికారం కోర్టు విచక్షణకు లోబడినది. ప్రతి చట్టవిరుద్ధ చర్యా దానంతట అదే రద్దు కాదు.

ధర్మాజీగూడెం ప్రజలు తమ వంతు డబ్బు చెల్లించారు, కోర్టులో తమ వాదననూ చాలావరకు నెగ్గించుకున్నారు. ఊరట మాత్రం దక్కలేదు. 1962లో ఉత్తర్వు ఇచ్చే ముందు సమితికి ఒక నోటీసు వెళ్లి, దాని వాదన విని ఉంటే ఆ ఉత్తర్వుకు ఈ లోపం అంటేది కాదు. తమకు అనుకూలంగా వచ్చిన ఉత్తర్వులో కూడా ఎదుటి పక్షానికి నోటీసు అందిందో లేదో న్యాయవాది చూసుకోవాలి.

5. న్యాయవాది పాటించవలసిన క్రమం

స్థానిక సంస్థ కేసు చేపట్టినప్పుడు ఈ అంశాలను వరుసగా పరిశీలించండి.

(అ) చర్యకు ఆధారమైన సెక్షన్ ఏది? ఆ అధికారం పాలకవర్గానిదా, కార్యనిర్వాహక అధికారిదా, ప్రభుత్వానిదా?

(ఆ) తీర్మానం ఉందా? సమావేశానికి నోటీసు, కోరం సరిగా ఉన్నాయా?

(ఇ) నష్టపోయే పక్షానికి నోటీసు ఇచ్చి, వారి వాదన విన్నారా?

(ఈ) ఆ పని సంస్థకు ఐచ్ఛికమా, విధిగా చేయవలసినదా? మురుగు కాలువల విషయంలో నిధులు లేవన్న మునిసిపాలిటీ వాదనను రత్లాం కేసులో సుప్రీంకోర్టు 1980లో తోసిపుచ్చింది.

(ఉ) సర్పంచ్ సొంత ప్రయోజనం, పంచాయతీ ప్రయోజనం వేరవుతున్నాయా? అలాంటప్పుడు న్యాయవాది పంచాయతీ పక్షానే నిలవాలి.

6. సారాంశం

స్థానిక ప్రభుత్వానికి అధికారం చట్టం నుంచి, ఆస్తి రికార్డు నుంచి, దాని నిర్ణయానికి నిలకడ సరైన విధానం నుంచి లభిస్తాయి. ఈ మూడింటిలో ఏది లోపించినా నష్టపోయేది పదవిలో ఉన్నవారు కాదు, ఊరి ప్రజలు. తప్పు జరిగాక కోర్టులో సమర్థించడం కంటే తీర్మానానికి ముందే సరైన సలహా ఇవ్వడం న్యాయవాది చేయగల పెద్ద సేవ.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. స్థానిక సంస్థ శాసనబద్ధ వ్యక్తిగా రూపొందిన క్రమాన్ని వివరించండి.

2. ధర్మాజీగూడెం వివాదంలో రెండు ఉత్తర్వులూ ఎందుకు చెల్లలేదు? అయినా ఊరట ఎందుకు లభించలేదు?

3. మీ గ్రామంలోని ఒక ఉమ్మడి స్థలాన్ని ఎంచుకుని, దానిపై పంచాయతీ హక్కును నిరూపించడానికి ఏ రికార్డులు అవసరమో రాయండి.