ఇదే చివరిదనుకున్నారు

214 కోట్ల 74 లక్షల 83 వేల 647. ముప్పై ఒక్క రెండ్లను వరసగా గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే ఈ సంఖ్య వస్తుంది. ఇది ప్రధాన సంఖ్య. ఒకటీ, తానూ తప్ప దీన్ని శేషం లేకుండా భాగించే సంఖ్య ఇంకోటి లేదు. ఆ సంగతి రుజువు కావడానికి మాత్రం ఒకటిన్నర శతాబ్దానికి పైగా పట్టింది.

ఇటలీ గణితవేత్త కటాల్డి 1603లో ఇలాంటి సంఖ్యల గురించి రాస్తూ 17, 19 రెండ్ల నుంచి వచ్చేవి ప్రధాన సంఖ్యలేనని లెక్క కట్టి తేల్చాడు. 23, 29, 31, 37 కూడా అంతేనన్నాడు. ఆ నాలుగింట్లో నిలిచింది 31 ఒక్కటే. 1644లో ఫ్రాన్సు సన్యాసి మెర్సెన్ ఇచ్చిన జాబితాలోనూ 31 ఉంది, రుజువు లేదు.

రుజువు గణితవేత్త ఆయిలర్ చేతిలో జరిగింది. దీని వర్గమూలం దాకా, అంటే 46,340 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలంటే వేల భాగహారాలు చేయాలి. ఆయిలర్ ఆ దారిన పోలేదు. దీనికి కారణాంకమంటూ ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు 1 గానీ 63 గానీ మిగిలి తీరాలి. ఈ జల్లెడ పట్టాక మిగిలేవి నాలుగు వందలు కూడా ఉండవు. వాటిలో మొదటి ప్రధాన సంఖ్య 311. దాంతో భాగిస్తే శేషం 35. తర్వాతది 1303, శేషం 226. ఇలా చివరిదాకా ఎక్కడా సున్నా రాలేదు. 1772లో ఈ ఫలితాన్ని తోటి గణితవేత్త బెర్నూలీకి ఉత్తరంలో తెలియజేసేనాటికి ఆయిలర్‌కు చూపు దాదాపు పోయింది. గణిత చరిత్రలో ఇంత ఓపికగా, ఇంత తెలివిగా శ్రమ తగ్గించిన లెక్కలు అరుదు.

ఈ ప్రధాన సంఖ్యను 30 రెండ్ల లబ్ధంతో గుణిస్తే 19 అంకెల పరిపూర్ణ సంఖ్య వస్తుంది. తన కారణాంకాల్లో తనను వదిలి మిగతావన్నీ కూడితే మళ్లీ తనే వచ్చే సంఖ్య అది. ఇంతకన్నా పెద్దది ఎవరూ కనుక్కోరని, ఇవి వింతలే తప్ప ఉపయోగం లేనివి కాబట్టి ఎవరూ ప్రయత్నించరని ఇంగ్లండ్‌లో పీటర్ బార్లో 1811లో రాశాడు. రెండు మాటలూ తప్పాయి. 1876లో గణితవేత్త లూకా ఇదే తీరు 39 అంకెల ప్రధాన సంఖ్యను పట్టుకోవడంతో ఇంకా పెద్ద పరిపూర్ణ సంఖ్య దొరికింది.

ఉపయోగం కంప్యూటర్లతో వచ్చింది. 32 బిట్లలో ఒకటి ప్లస్సు, మైనస్సు గుర్తుకు పోతే మిగిలిన 31 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య, మొదట చెప్పిన 214 కోట్ల పైచిలుకు సంఖ్యే. ఇది ప్రధాన సంఖ్య కావడం ఇంకా కలిసొచ్చింది. యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించడానికి పార్క్, మిల్లర్ 1988లో సిఫారసు చేసిన పద్ధతిలో, చేతిలో ఉన్న సంఖ్యను 16,807తో గుణించి, దీంతో భాగించి, శేషాన్ని తీసుకుంటారు. మళ్లీ మళ్లీ ఇలాగే చేస్తే, దీనికన్నా చిన్నవైన ధన పూర్ణసంఖ్యలన్నీ ఒక్కొక్కసారి వచ్చాకే వరస మొదటికొస్తుంది.

2014 డిసెంబరులో ‘గంగ్నమ్ స్టైల్’ పాట వీడియో వీక్షణలు ఈ సంఖ్యను దాటాయి; ఇది ముందే పసిగట్టిన యూట్యూబ్ అప్పటికే లెక్కింపును 64 బిట్లకు మార్చింది. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే పాత 32 బిట్ల వ్యవస్థల్లో 2038 జనవరి 19న, మన గడియారంలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు లెక్క సరిగ్గా ఈ సంఖ్యకు చేరుతుంది. అప్పటికి మార్చని యంత్రాలు మరుసటి సెకనులో 1901 డిసెంబరుకు వెళ్లిపోతాయి.