సెల్ఫ్ మీద ఇల్జాం

పాత కారు తాళం తిప్పగానే ఇంజన్ మూలిగిందా, అందరి వేలూ స్టార్టర్ మోటార్ మీదికే. మన షెడ్లలో దాని పేరు సెల్ఫ్. పాపం, ఎక్కువసార్లు అది బేకసూర్. ఎందుకో తెలియాలంటే దాని తారీఖ్‌లోకి వెళ్లాలి.

అంతకుముందు హ్యాండిల్ జమానా. ఇంజన్ వెనక్కి తన్నితే మణికట్టు విరిగేది. డాక్టర్లు ఆ దెబ్బకు ‘షోఫర్స్ ఫ్రాక్చర్’ అని పేరే పెట్టారు. షోఫర్ అంటే కారు డ్రైవర్. 1912 మోడల్ కాడిలాక్‌తో ఆ ముసీబత్ తీరింది. కరెంటు స్టార్టర్ చేసింది చార్లెస్ కెటరింగ్. అంతకుముందు ఆయన డేటన్‌లో నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో గల్లాపెట్టెలకు మోటార్ బిగించినవాడు. గల్లా తెరుచుకోవడానికి ఎంతసేపు? ఒక్క ఝట్కా చాలు. ఇంజన్‌కూ అంతే. చిన్న మోటార్‌కే కొన్ని సెకన్లు తాహతుకు మించిన కరెంటు ఇస్తే పని అయిపోతుంది. కమాల్ అంతా ఇక్కడే ఉంది. నా నజర్‌లో కమ్జోరీ కూడా ఇక్కడే.

12 వోల్టుల బండిలో సెల్ఫ్ 150 ఆంపియర్లు లాగిందనుకోండి. దారిలో ఓమ్‌లో నూరో వంతు అడ్డున్నా 1.5 వోల్టులు అక్కడే ఫనా. హెడ్‌లైట్‌ను ఏమీ చేయని తుప్పు సెల్ఫ్ గొంతు పిసుకుతుంది.

మా గల్లీలో ఒక టాక్సీ చాచా దగ్గర అంబాసిడర్ ఉండేది. సెల్ఫ్‌కు రెండుసార్లు వైండింగ్ చేయించాడు, కొత్త బ్యాటరీ వేశాడు. ఇక కబాడీకి ఇచ్చేద్దామని దిల్ రాయి చేసుకున్నాడు. చివరికి ఒక బుజుర్గ్ ఉస్తాద్ వచ్చి, మోటార్ ముట్టుకోకుండా చోక్ వైరు పట్టుకుని చూశాడు. వేడిగా ఉంది. ఇంజన్ కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద కదా, కరెంటు బాడీకి తిరిగి రావడానికి ఎర్త్ పట్టీ ఒక్కటే అసలు రాస్తా. అది తుప్పు పడితే కరెంటు ఇలాంటి సన్నటి వైర్లలో దూరుతుంది. ఉస్తాద్ జంపర్ కేబుల్‌తో బ్యాటరీ ఎర్త్‌ను నేరుగా ఇంజన్‌కు కలిపాడు. సెల్ఫ్ గిర్రున తిరిగింది.

మీటర్ ఉంటే తష్ఖీస్ ఇంకా ఆసాన్. కాయిల్ వైరు తీసేసి, మీటర్ ఒక కొన బ్యాటరీ ఎర్త్ కొమ్ముకు, ఇంకోటి ఇంజన్‌కు పెట్టి సెల్ఫ్ కొట్టండి. వోల్టులో మూడో వంతు కూడా చూపకూడదు. ఒక వోల్టు చూపితే పట్టీ మార్చాల్సిందే. లైవ్ వైపూ అలాగే చూడాలి. అక్కడ అర వోల్టు దాకా మాఫ్. బ్యాటరీ మంచిదై, రెండు దారులూ సాఫ్‌గా ఉండి, అయినా మూలిగితేనే సెల్ఫ్ విప్పాలి. అప్పుడు అరిగిన కార్బన్లో, బుష్ అరిగి ఆర్మేచర్ రాసుకోవడమో బయటపడుతుంది.