ఓక్ చెక్క చారల్లో తెలుపు: సున్నం, సీసం, మైనం

1. ఉపోద్ఘాతం

ఓక్ చెక్క చారలను తెలుపుతో నింపి, వాటి సహజ రేఖలను కంటికి స్పష్టపరిచే పద్ధతికి ఐరోపా గృహాలంకరణ చరిత్రలో రెండు పేర్లు స్థిరపడ్డాయి. ఆంగ్లంలో దానిని ‘లైమ్డ్ ఓక్’ అన్నారు. అనగా సున్నం పట్టించిన ఓక్. ఫ్రెంచిలో ‘షేన్ సెరూజే’ అన్నారు. ‘సెరూజ్’ అనగా సీసపు తెలుపు. నేడు ఇదే ఫలితం కోసం వాడే ‘లైమింగ్ వ్యాక్స్’ సాధారణంగా మైనం, ద్రావణి, టైటానియం డయాక్సైడ్ వంటి తెల్లని వర్ణద్రవ్యంతో తయారవుతుంది. పేరులో సున్నం నిలిచి ఉంది; పనిచేసేది వేరొక పదార్థం.

వస్తుచరిత్రలో ఇటువంటి పేర్లు కొత్తవి కావు. అయితే ఇక్కడ పేరును పదార్థంగా భ్రమించడం వల్ల రెండు చిక్కులు ఏర్పడుతున్నాయి. మొదటిది కాలనిర్ణయానికి సంబంధించినది. చారల్లో తెలుపు కనబడినంత మాత్రాన ఒక బల్లనో, బీరువానో పూర్వకాలపుదని భావించడం. రెండవది ఆరోగ్యానికి సంబంధించినది; ‘సున్నమే కదా’ అన్న నమ్మకంతో పాత వస్తువును గరుకు కాగితంతో రుద్దడం. ఈ రెండింటి దృష్ట్యా ఓక్ చారల్లోని తెలుపు ఏయే కాలాల్లో ఏ పదార్థం కావచ్చునో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

తెలుగులో ఈ పద్ధతిని ‘సున్నపు పూత’ అని అనువదిస్తే అర్థం తారుమారవుతుంది. సున్నం వేయడం అంటే తెలుగువారికి గోడకు వెల్ల వేయడం. అడుగున ఉన్నదానిని పూర్తిగా కప్పడం. కొండపల్లి బొమ్మల తయారీలో తెల్లపొణికి చెక్కపై వేసే సున్నపు పూత చేసే పని కూడా అదే. చెక్కను మరుగుపరచి, రంగు నిలవడానికి తెల్లని నేలను సిద్ధం చేస్తుంది. లైమ్డ్ ఓక్‌లో తెలుపు చెక్కను కప్పదు. పై తలం నుండి దానిని తుడిచివేస్తారు, చారల్లో మాత్రమే మిగులుస్తారు. కనుక ఈ వ్యాసంలో ‘చారల తెలుపు’ అన్న మాటనే వాడటం జరిగింది.

2. చెక్క స్వభావం, పని తీరు

ఓక్ వలయరంధ్ర దారువు. వసంతంలో పెరిగే భాగంలోని దారునాళాలు కంటికి కనిపించేంత పెద్దవి. వేసవి ఎదుగుదలలోని నాళాలు సన్నవి, కలప దట్టం. మానును నిలువుగా కోసినప్పుడు ఆ పెద్ద నాళాలు తెగి, పలక పొడవునా సన్నని గాడులుగా తెరుచుకుంటాయి. తెలుపు నిలిచేది ఆ గాడుల్లోనే. బీచ్, మేపుల్ వంటి చెక్కల్లో నాళాలు సన్నగా, వలయమంతటా సమంగా పరచుకొని ఉండటం వల్ల తెలుపుకు తావు దొరకదు. యాష్ చెక్క అనుకూలిస్తుంది. టేకు కూడా వలయరంధ్ర జాతిలోనిదే. చిత్రిక పట్టిన టేకు పలకపై వేలు పోనిస్తే తగిలే గాడులు తెలుగు వడ్రంగికి కొత్తవి కావు.

నేటి పద్ధతిలో ముందుగా కంచు లేదా ఇత్తడి తీగల బ్రష్షుతో చార వెంబడి రుద్ది, మెత్తని వసంత భాగాన్ని తొలగించి గాడులను లోతు చేస్తారు. ఉక్కు తీగలు పనికిరావు; విరిగి మిగిలిన ఇనుప తునకలు తేమ తగలగానే ఓక్‌లోని టానిన్లతో కలిసి నీలినలుపు మరకలు కడతాయి. మధ్యయుగాల ఐరోపా లేఖకుల సిరా పుట్టింది కూడా ఇనుము, టానిన్ల కలయిక నుండే. దుమ్ము దులిపిన తరువాత పలుచని లక్క పూత పూస్తారు. అది లేకుంటే తెల్లని మైనం పై తలానికి కూడా అంటుకొని, చెక్క అంతా మసకబారుతుంది. ఆపైన మైనాన్ని చారకు అడ్డంగా రుద్ది గాడుల్లోకి దిగగొట్టి, మిగులును అడ్డంగానే తుడుస్తారు. చివర రంగులేని మైనంతో మరోసారి రుద్దితే, అందులోని ద్రావణి పై తలంలో మిగిలిన తెలుపును కరిగించి తీసివేస్తుంది. చార వెంబడి తుడిస్తే గాడుల్లో దిగిన తెలుపు కూడా గుడ్డతోపాటు లేచిపోతుంది.

3. సున్నం: ఒక రసాయనిక అభ్యంతరం

చారల తెలుపు పుట్టుక గురించి వృత్తి పుస్తకాల్లో తరచుగా కనిపించే కథనం ఒకటి ఉంది. పూర్వం ఓక్ పలకలకు పురుగు పట్టకుండా సున్నం పూసేవారని, తుడిచిన తరువాత చారల్లో మిగిలిన తెలుపు అందంగా తోచడంతో అదే అలంకారమైందని ఆ కథనం. ఆచరణను దృష్టిలో ఉంచుకుంటే ఇది అసంభవమేమీ కాదు. అయితే లైమ్డ్ ఓక్ అనగానే నేడు స్ఫురించే లేత బూడిద వన్నెను ఈ కథనం వివరించలేదు.

సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వద్ద కాలిస్తే పొడిసున్నం, దానికి నీరు చేరిస్తే తడిసున్నం ఏర్పడతాయి. తడిసున్నం బలమైన క్షారం. ఓక్‌లోని టానిన్లకు క్షారం తగిలితే చెక్క ముదురు గోధుమ వన్నెకు మారుతుంది. తాంబూలం వేసుకునే తెలుగువారికి ఈ చర్య నోటికి తెలిసినదే. వక్కలోని టానిన్ జాతి పదార్థాలకు సున్నపు క్షారం తోడైనప్పుడే నోరు పండుతుంది. 19వ శతాబ్ది చివర, 20వ శతాబ్ది ఆరంభంలో అమెరికాలో గుస్తావ్ స్టిక్లీ వంటి తయారీదారులు ఓక్‌ను అమ్మోనియా ఆవిరిలో ఉంచి ముదురు వన్నె తెప్పించినది కూడా ఈ సూత్రంపైనే.

అందువల్ల నిజమైన సున్నం పట్టించిన ఓక్‌లో చారలు తెల్లగా ఉన్నా, నేల ముదురుగా ఉండాలి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను గ్రహించి గాడుల్లోని తడిసున్నం కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడుతుంది. చుట్టూ చెక్క గోధుమ వన్నెలో ఉంటుంది. లేతనేల, తెల్లచార కలిసి కనబడితే అక్కడ సున్నం ఒక్కటే పని చేయలేదని, చెక్కను వేరుగా తెలుపు చేశారని, లేదా తెలుపు అసలు సున్నమే కాదని అనుమానించడం సమంజసం.

4. సీసం: పేరు మోసిన భారం

ఫ్రెంచి పేరు మరొక పదార్థం వైపు చూపుతుంది. సీసపు తెలుపు రసాయనికంగా క్షార సీస కార్బొనేట్. సీసాన్ని వినెగర్ ఆవిరికి గురిచేసి దీనిని తయారుచేసే విధానాన్ని రోమన్ వాస్తుకారుడు విట్రూవియస్ తన గ్రంథం ఏడవ భాగంలో పేర్కొన్నాడు. లాటిన్ ‘సెరుస్సా’ నుండే ‘సెరూజ్’ వచ్చింది. 16వ శతాబ్దిలో ఐరోపా ఉన్నతవర్గ స్త్రీలు ముఖానికి పూసుకున్న ‘వెనీషియన్ సెరూజ్’ కూడా ఇదే. చిత్రకారుల నూనె రంగుల్లోనూ, ఇళ్ల తలుపుల రంగుల్లోనూ శతాబ్దాల పాటు దీనికి సాటి వచ్చిన తెలుపు లేదు.

దీని తయారీలో ప్రసిద్ధమైన డచ్ పద్ధతి యంత్రం కంటే మనిషి శరీరంపైనే ఎక్కువగా ఆధారపడింది. మట్టికుండల్లో కొద్దిగా వినెగర్ పోసి, సీసపు రేకులను చేర్చి, వాటిని గుర్రపు లద్దెలోనో తోలు ఊనిన చెట్టుబెరడు పిప్పిలోనో వరుసలు వరుసలుగా పేర్చేవారు. కుళ్లే లద్దె ఇచ్చే వేడి, కార్బన్ డయాక్సైడ్ కలిసి కొన్ని వారాల నుండి మూడు నెలల లోపు సీసాన్ని తెల్లని పొరగా మార్చేవి. ఆ పొరను విప్పి, కడిగి, ఆరబెట్టి మోసే పనిలో బ్రిటన్‌లో పేద స్త్రీలు ఎక్కువగా ఉండేవారు. కడుపునొప్పి, మణికట్టు వాలిపోయే పక్షవాతం, మూర్ఛలు ఆ వృత్తి జబ్బులు. 1868లో చార్లెస్ డికెన్స్ తూర్పు లండన్‌లోని సీసపు మిల్లుల్లో పనిచేసే ఐర్లండు స్త్రీల దుస్థితిని తన పత్రికలో రాశాడు. తయారీలోని ప్రమాదకరమైన పనుల నుండి స్త్రీలను బ్రిటన్ తొలగించినది 1898లో. డికెన్స్ రచనకు 30 ఏళ్ల తరువాత.

ప్రత్యామ్నాయం లేక ఇంత జాప్యం జరిగిందనడానికి వీలులేదు. 1840ల్లోనే పారిస్‌లో ఇళ్ల రంగుల గుత్తేదారు జాన్ లెక్లేర్ తన కార్మికుల ఆరోగ్యం కోసం జింకు తెలుపును వాడుకలోకి తెచ్చాడు. ఫ్రాన్స్ 1909లో సీసపు తెలుపును భవనాల రంగు పనిలో నిషేధిస్తూ చట్టం చేసి, అమలుకు 1915 వరకు గడువిచ్చింది. 1921లో అంతర్జాతీయ కార్మిక సదస్సు 13వ ఒడంబడికను ఆమోదించింది. అది 1923లో అమల్లోకి వచ్చింది. ఈ ఒడంబడిక నిషేధించినది భవనాల లోపలి రంగు పనిలో సీసపు తెలుపు వాడకాన్ని. కళాత్మక చిత్రణకు మినహాయింపు ఇచ్చింది. బల్లలు, కుర్చీల తయారీశాలలను పేరుపెట్టి ప్రస్తావించలేదు. ‘సెరూజే’ అన్న మాట విలాస సామగ్రికి గౌరవ విశేషణంగా మారిన దశాబ్దం కూడా ఇదే కావడం గమనార్హం. కార్మికుల సభల్లో విషంగా నిందింపబడిన పేరే ధనికుల గదుల్లో అందానికి గుర్తయింది.

5. రెండు యుద్ధాల నడుమ

చారల తెలుపు స్పష్టమైన అలంకరణ శైలిగా నిలదొక్కుకున్నది 1920, 1930 దశకాల్లో. విక్టోరియా కాలపు ముదురు మహాగని సామగ్రిపై విసుగు, విద్యుద్దీపాల వెలుగు, లేత రంగుల గదులపై మోజు దీనికి నేపథ్యాలు. పారిస్‌లో జాన్‌మిషెల్ ఫ్రాంక్ (1895–1941), తన సహచరుడు అడాల్ఫ్ షనోతో కలిసి అతి నిరాడంబరమైన ఆకృతులకు గడ్డిపోచల పొదుగు, తోలుకాగితం, సెరూజే ఓక్ వంటి తలాలను జోడించాడు. చెక్కడాలు లేని వస్తువులో చెక్క చారే అలంకారం అయింది. లండన్‌లో ఆంబ్రోస్ హీల్ సంస్థ లేత వన్నెల ఓక్ సామగ్రిని మధ్యతరగతి ఇళ్లకు చేర్చింది.

సిరీ మామ్ (1879–1955) పని దీనికి భిన్నం. 1922లో లండన్‌లో దుకాణం తెరిచిన ఈ అలంకరణకర్త కొత్త వస్తువులతో పాటు పాత వస్తువులను కూడా గీకించి, తెల్లబరిపించి వాడింది. ఆమె తెల్లని గదుల కీర్తి అందరికీ తెలిసినదే. ఆ తెలుపు కోసం తొలగించిన పాత లక్క, పాత మైనం, చేతుల రాపిడితో వచ్చిన నిగారింపు తిరిగి రానివి. వస్తుచరిత్రకారుల దృష్టిలో ఆ కోల్పోయిన తలమే ఆధార పత్రం.

అదే కాలంలో ‘పికిల్డ్ పైన్’ అనే మరో మోజు వచ్చింది. 18వ శతాబ్ది ఇంగ్లండులో గోడలకు బిగించిన పైన్ పలకలు రంగు వేయడానికే ఉద్దేశించినవి. ఆ రంగుల్లో సీసపు తెలుపు ప్రధానం. రెండు యుద్ధాల నడుమ వాటిని ఘాటైన క్షారంతో కడిగి చెక్కను బయటపెట్టినప్పుడు, చారల్లో రంగు అవశేషం తెల్లగా మిగిలింది. ఆ మిగులే అందమని మెచ్చుకున్నారు. ఇక్కడ చారల తెలుపు ఎవరూ పనిగట్టుకొని పట్టించినది కాదు, పోకుండా ఉండిపోయినది. అనేక సందర్భాల్లో అది నేరుగా సీసమే.

6. పరీక్ష

చారల తెలుపు ఏ పదార్థమో చూపుతో తేల్చడం సాధ్యం కాదు. ఎక్స్‌కిరణ ప్రతిదీప్తి పరికరంతో నమూనా గీకకుండానే సీసం, జింకు, టైటానియం, కాల్షియం ఉనికిని గుర్తించవచ్చు. ఫలితాలను చదవడంలో మాత్రం తూకం ఉండాలి. టైటానియం తెలుపు పారిశ్రామికంగా తయారుకావడం నార్వే, అమెరికాల్లో 1916–1921 మధ్య మొదలైంది. కనుక 17వ శతాబ్దిదని చెప్పే బల్ల చారల్లో టైటానియం తెలుపు దొరికితే, బల్ల పాతదే కావచ్చు కాని తెలుపు గత శతాబ్దిది. సీసం కనబడటం పాతదనానికి రుజువు కాదు. అది 20వ శతాబ్దిలో కూడా చాలా కాలం వాడుకలో ఉంది. కాల్షియం అన్నిటికంటే తక్కువ చెబుతుంది. అది సున్నం కావచ్చు, మైనంలో కలిపిన సుద్ద కావచ్చు, వెల్ల వేసిన గోడ నుండి రాలిన పొడి కూడా కావచ్చు. సున్నం అన్న నిర్ధారణకు చార చుట్టూ ఉన్న చెక్క క్షారంతో ముదిరిందో లేదో చూడటం మరింత నమ్మదగిన ఆధారం.

ఈ పరీక్ష విద్వాంసుల వివాదాలకే పరిమితం కాదు. గాడుల్లో గట్టిపడి ఉన్నంతవరకు సీసపు తెలుపు పెద్దగా కదలదు. పొడిగా రుద్దిన క్షణం నుండి అది ధూళిగా మారి, ఊపిరితిత్తులకు, చేతుల మీదుగా నోటికి చేరుతుంది. పిల్లలున్న ఇంట్లో మరింత ప్రమాదం. కాబట్టి ‘లైమ్డ్’ అనో ‘సెరూజే’ అనో చీటీ అంటించి వచ్చిన పాత వస్తువును పునరుద్ధరణకు తీసుకున్నప్పుడు, గరుకు కాగితం పట్టకముందే సీసం పరీక్ష జరగాలి. సీసం తేలితే పొడి రుద్దుడును మాని, తలాన్ని తడిగా శుభ్రం చేసి పైన రంగులేని మైనంతో మూసివేయడం మేలు.